మోతీ రెండుసార్లు బస్సు దిగింది

భార్గవి ఒక జత బట్టలు చాలన్నది. నేను నాలుగు పెట్టాను. హైదరాబాదులో వాన పడొచ్చు, బస్సు తప్పిపోవచ్చు, ఆఫీసువాళ్ళు ఇవాళ కాదు రేపు రమ్మనవచ్చు. బట్టల మధ్య జొన్నరొట్టెల మూట పెట్టి, పక్కన మిరపకాయ తొక్కు సీసా పెట్టాను. అది కారకుండా మూతికి ప్లాస్టిక్ కవరు చుట్టి దారం కట్టాను. జ్వరం గోలీలు కూడా పెట్టాను. కంపెనీవాళ్ళిచ్చిన ల్యాప్‌టాప్‌ను మాత్రం ముట్టుకోలేదు. దాన్ని భార్గవే పాత తువ్వాలులో చుట్టి బ్యాగు అడుగున పెట్టుకుంది.

నా మనవరాలు శుక్రవారం పొద్దున హైదరాబాదు పోవాలి. మూడు నెలలు సెలవు పెట్టి వచ్చింది, ఆ సెలవు అయిపోతోంది. పోయి ల్యాప్‌టాప్ అప్పగించి ఉద్యోగం వదిలేసి రావాలి, లేదంటే సోమవారం నుంచి మళ్ళీ అక్కడే కూర్చోవాలి. రెండింట్లో ఏదో నేను బ్యాగు సర్దిన బుధవారం నాటికి ఎవరికీ తెలియదు. గురువారం మా తండా బస్టాపు దగ్గర తేలాలి.

ప్రయాణానికి సర్దడం నాకు కొత్త కాదు. మా చెల్లెలు రోడ్డు పని ముఠాతో మహారాష్ట్ర పోయినప్పుడు దాని మూట నేనే కట్టాను. గోదావరి పెద్దగా వచ్చిన ఏడు నా మొగుడు జైరాం అవతలి ఒడ్డుకు వెదురు కోతకు పోతుంటే దుప్పటి మడిచి చేతికిచ్చింది నేనే. ఇద్దరూ మళ్ళీ కనబడలేదు. అప్పటినుంచి ఇంట్లో ఎవరైనా సంచి విప్పితే చాలు, మళ్ళీ ఎప్పుడొస్తావని ముందే అడిగేస్తాను. కొడుకు కోటేష్ షిఫ్టుకు పాల్వంచ పోయేటప్పుడు కూడా గడప దాకా వెళ్ళి నిలబడతాను. పుష్ప నవ్వుతుంది. పుష్ప నా కోడలు, భార్గవి తల్లి.

మాది రూప్లా తండా. పాల్వంచ దాటాక భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే మలుపు దగ్గర ఉంటుంది. మాలో మేం మా లంబాడీ భాషలోనే మాట్లాడుకుంటాం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. నేను బడికి పోలేదు. జైరాం రాకపోయాక రోజూ ఆ మలుపు దగ్గర నిలబడేదాన్ని. కండక్టరు ఊరి పేరు అరిచేవాడు, నేను బోర్డు చూసేదాన్ని. అలా అక్షరాలు పట్టుబడ్డాయి. తర్వాత బజ్జీలు కట్టిన పేపర్లు, ఆ తర్వాత భార్గవి బడి పుస్తకాలు. ఇప్పుడు దొరికిందల్లా చదువుతాను.

భార్గవి మా తండాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం తెచ్చుకున్న మొదటి పిల్ల. ఆ పిల్ల చేసే పని నాకు ఒకసారి వివరంగా చెప్పింది. ఎక్కడో సముద్రాల అవతల ఒక పట్నంలో బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో అక్కడివాళ్ళకు ఫోనులో చూపించే పనట. మంచి పనే కదా అన్నాను. అప్పుడు తనూ తల ఊపింది. ఏప్రిల్లో సెలవు పెట్టి వచ్చాక మాత్రం పుష్ప నిలదీస్తే ఒక మాట అన్నది. ఆ మాట నాకు బాగా గుర్తుంది.

"యాడీ, నేను ఎన్నడూ చూడని ఊర్లె బస్సు ఎప్పుడొస్తదో నాకు తెలుసు. మన మలుపుకాడ దాదీ ఎండల ఎక్కడ నిలబడతదో తెల్వది."

యాడి అంటే మా భాషలో అమ్మ. దాదీని నేను.

ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో ఒక మేడ మీద చిన్న ఆఫీసు ఉంది. స్తుతి అనే అమ్మాయి నడుపుతుంది. ఊళ్ళు మనుషులకు అనువుగా ఉండేలా గీసి ఇవ్వడం వాళ్ళ పని. నడిచేవాళ్ళ దారులు, రోడ్డు దాటే చోట్లు, సంత స్థలాలు, బస్టాపులు. ఇంజినీరింగులో భార్గవికి సీనియరు స్తుతి. భార్గవి ఆ మూడు నెలలూ వాళ్ళతోనే తిరిగింది. ఆ ఆఫీసు అడవి దారిలో ఉన్న బస్టాపులు మార్చే పని తమకిమ్మని రోడ్ల శాఖను అడిగింది. రోడ్ల ఇంజినీరు వచ్చి మా మలుపు దగ్గర ఒకదాన్ని చూసి సరే అంటే మిగతావన్నీ వీళ్ళకే వస్తాయి, అప్పుడు భార్గవికి అక్కడ పని ఉంటుంది. వద్దంటే ఉండదు. స్తుతి దాపరికం లేకుండా అదే చెప్పింది.

పుష్పకు ఇదంతా నచ్చలేదు. "బస్టాపు కట్టుడుకా నిన్ను గంత చదివిచ్చింది? ఒక మేస్త్రిని పిలిస్తే కడతడు గద" అని రోజుకొకసారైనా దెప్పేది. కోటేష్ టీవీ చప్పుడు పెంచేవాడు. నాకు మాత్రం కోరిక ఒకటే. ఖమ్మం అంటే పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. భార్గవి ఖమ్మంలో ఉండాలి. ఆ కోరిక పైకి అంటే పిల్ల బతుకు పాడుచేస్తున్నావని పుష్ప అంటుందేమోనని అనలేదు.

మా మలుపు దగ్గర పాత షెల్టరు ఒకటి ఉంది. సిమెంటుది, రోడ్డుకు వీపు చూపిస్తూ ఉంటుంది. లోపల కూర్చుంటే వచ్చే బస్సు కనబడదు. బయట నిలబడితేనే డ్రైవరు ఆపుతాడు. అందుకని షెల్టరులో మేకలుంటాయి, మేం తారు మీద ఉంటాం. ఆడవాళ్ళకు టికెట్టు లేని రోజులు వచ్చాక జనం ఇంకా పెరిగారు. మలుపు తిరిగే లారీలు మా కొంగులకు తగిలేంత దగ్గరగా పోతాయి.

భార్గవి ఎండలో కుర్చీ వేసుకొని చాలా రోజులు అక్కడే కూర్చుంది. చింతచెట్టు నీడ పొద్దున ఎక్కడుంటుందో, సాయంత్రం ఎక్కడికి జరుగుతుందో గీసుకుంది. ఎవరు ఎటు చూస్తూ నిలబడతారో, డ్రైవర్లు ఎక్కడ బ్రేకు వేస్తారో చూసింది. తర్వాత స్తుతీ తనూ కలిసి మలుపు నుంచి కొంచెం ముందుకు జరిపి, వెదురుబొంగులతో, టార్పాలినుతో ఒక ఉత్తుత్తి స్టాపు కట్టారు. ఎదురుగా బస్సు కనబడుతుంది. బెంచీ చెట్టు నీడలో ఉంటుంది. బస్సు ఆగే చోటు, జనం నిలబడే చోటు ముగ్గుపిండితో గీశారు. నాలుగు రోజులు వాడి చూశాం. బాగుంది. మేకలు కూడా ఇటే వచ్చాయి.

గురువారం ఇంజినీరు వస్తాడనగా నాకు నిద్ర పట్టలేదు. ఆయన వచ్చినప్పుడు స్టాపు దగ్గర ఎవరూ లేకపోతే, ఇక్కడ బస్టాపెందుకు అంటాడేమో. అందుకని ఇల్లిల్లూ తిరిగి పదింటికల్లా అందరినీ రమ్మన్నాను. సంతకు పోయేవాళ్ళు ఎలాగూ వస్తారు, పోనివాళ్ళను కూడా పిలిచాను. మోతీకి ఫోను చేయించాను. మోతీ నా ఆడబిడ్డ, జైరాం చెల్లెలు. మహబూబాబాదు అవతలి తండాలో ఇచ్చాం. మోకాలి ఆపరేషన్ అయ్యాక రెండేళ్ళుగా రాలేదు. భార్గవి మళ్ళీ హైదరాబాదు పోతే ఎప్పుడు చూస్తావో, ఒకసారి వచ్చిపో అన్నాను. స్టాపులో ఒక మనిషి పెరుగుతుంది కదా అని కూడా అనుకున్నాను.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. మా ఆడవాళ్ళు చాలాకాలానికి కలుసుకున్నా, విడిపోతున్నా ఒకరి మెడ ఒకరు పట్టుకొని ఏడుస్తారు. ఊరికే ఏడవడం కాదు, పాటలా సాగదీసి, ఆ మధ్యకాలంలో జరిగినవన్నీ అందులో చెప్పుకుంటారు. చచ్చినవాళ్ళు, పుట్టినవాళ్ళు, ఎండిపోయిన చేను, కొత్తగా కొన్న బర్రె, అన్నీ వస్తాయి. ఢావ్లో అంటాం దాన్ని. అది అయ్యేదాకా క్షేమసమాచారాలు అడగం. ఆపమనడం మర్యాద కాదు. కలిసిన చోటే చేస్తాం, ఇంటిదాకా ఆగం.

ఇంజినీరు జీపులో వచ్చాడు. నడివయసు మనిషి, మర్యాదగానే ఉన్నాడు. స్తుతి ఆయనకు బెంచీ చూపించింది, నీడ గురించి చెప్పింది. ఆయన తల ఊపుతూ బెంచీ మీద కూర్చొని చూశాడు. అప్పటికే స్టాపు నిండా జనం. ఇంత మంది రోజూ ఎక్కుతారా అని అడిగాడు. సంత రోజు సార్ అన్నది స్తుతి. నేను పక్కకు తిరిగి నిలబడ్డాను.

ఇంతలో కొత్తగూడెం నుంచి బస్సు వచ్చింది. ముగ్గు గీత దగ్గరే సరిగ్గా ఆగింది. ఇంజినీరు ఫోను తీసి ఫోటో తీయబోయాడు. తలుపు తెరుచుకుంది, కర్ర పట్టుకొని మోతీ దిగింది. సన్నబడింది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. దాని మొహంలో జైరాం పోలిక వయసుతో పాటు ఇంకా పెరిగింది.

అంతే, నాకు ఇంకేమీ గుర్తుకు రాలేదు. నేను వెళ్ళి దాని మెడ పట్టుకున్నాను. అది కర్ర పడేసి నా మెడ పట్టుకుంది. నేను పిలిచిన ఆడవాళ్ళంతా మా చుట్టూ చేరారు. గొంతులన్నీ ఒక్కసారి లేచాయి. మేం తారు మీదే, బస్సు తలుపుకు అడ్డంగా ఉన్నాం. ఎక్కాల్సినవాళ్ళు ఎక్కలేదు. దిగాల్సినవాళ్ళు మెట్ల మీద ఆగిపోయారు. బస్సు కదలలేదు. వెనక బొగ్గు లారీ, దాని వెనక ఇంకేవో హారన్లు. మలుపులో అంతా జామయింది.

ఇంజినీరుకు మా సంగతి తెలియదు. ఎవరో బస్సు కింద పడ్డారనుకున్నాడు. మొహం తెల్లబోయింది. బస్సు కింద వంగి చూశాడట. తర్వాత అంబులెన్సుకు ఫోను చేయమని జీపు డ్రైవరును కేకేసి, బొంగులన్నీ పీకేయమన్నాడు. మా పాట మోతీ చిన్న కొడుకు పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి ఆ మాట నా చెవిన పడింది. నేను పాట ఆపేశాను.

భార్గవి పరుగెత్తుకొచ్చి, ఎవరికీ ఏమీ కాలేదని, మా దాదీ వాళ్ళ ఆడబిడ్డ చాలా రోజులకు వచ్చిందని చెప్పింది.

"చుట్టం వస్తే సంతోషపడాలె గదమ్మా" అన్నాడాయన, ఇంకా గుండె మీద చెయ్యి పెట్టుకొని.

"సంతోషమే సార్ అది."

ఆయన మా మొహాలు చూశాడు. ఒక్కరి చెంప కూడా తడి లేకుండా లేదు. ఆయన నమ్మలేదు. నమ్మాక ఇంకా చిరాకు పడ్డాడు. సంతోషమైనా దుఃఖమైనా రోడ్డు ఆగిపోయిందా లేదా అన్నాడు. స్టాపు ముందుకు జరిపినందుకే ఇలా అయిందని, పాత చోటే మేలని, తాను దీనికి ఒప్పుకోలేనని చెప్పి జీపు వైపు నడిచాడు. పుష్ప దూరంగా నిలబడి ఉంది. నా వైపు చూసి, వచ్చి మోతీ పడేసిన కర్ర ఏరి ఇచ్చింది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

నా చేతులారా పాడుచేశానని అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. బ్యాగు మళ్ళీ విప్పి ఇంకో నాలుగు జతలు పెట్టాలేమో అనిపించింది.

భార్గవి మాత్రం ఏడవలేదు, నన్ను తిట్టలేదు. మేం నిలబడిన చోటు చుట్టూ ఒకసారి నడిచి చూసింది. తర్వాత ముగ్గుపిండి డబ్బా తీసుకుంది. బస్సు వెనక తలుపు వచ్చే చోట, తారు అవతల, చింతచెట్టు వేళ్ళ దాకా పెద్ద గుండ్రటి గీత గీసింది. బెంచీ ఇటు, గుండ్రం అటు. గీసి ఇంజినీరు దగ్గరికి పోయింది.

"సార్, తప్పు నాది. మూడు నెలలు ఎక్కేటోల్లను చూసిన, ఎదురుచూసేటోల్లను చూసిన. దిగేటోల్లను చూడలే. బస్సు దిగినోల్లు ఎటు పోవాల్నో నేను గీయనే లేదు. ఇంకో బస్సు వస్తది, అది చూసి పోండి."

ఇప్పుడు దిగేది ఎవరని ఆయన అడిగాడు. భార్గవి మోతీ వైపు చూసింది.

మోతీకి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. ఇంతకుముందు ఆగిపోయిన లారీల్లో ఒకదాని డ్రైవరు దిగి టీ తాగుతూ ఇదంతా వింటున్నాడు, వాడు నవ్వాడు. కొత్తగూడెం వైపు, మాకంటే ముందు వచ్చే స్టాపు దాకా ఆటోలో పోయి బస్సెక్కి వచ్చి మళ్ళీ దిగాలి. కోటేష్ మేనత్తను ఆటోలో కూర్చోబెట్టాడు. ఆడవాళ్ళలో ఒకరు, ఏడుపు అడిగినప్పుడు వస్తుందా, ఒకసారి ఏడ్చినదానికి మళ్ళీ ఎలా ఏడుస్తాం అన్నారు.

మోతీ ఆటోలోంచి తల బయటపెట్టింది. "నాకైతే ఇంక మస్తు మిగిలింది వదినా. నువ్వు నడుమల ఆపితివి గద, కోడలి సంగతి ఇంక చెప్పనే లేదు."

అందరూ నవ్వారు. పుష్ప కూడా నవ్వింది.

ఇంజినీరు వెళ్ళిపోతాడేమోనని నేను ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. వెళ్ళలేదు. లారీ డ్రైవరు ఆయనకు కూడా టీ తెచ్చిచ్చాడు. ఆయన అది తాగుతూ, అంబులెన్సుకు వద్దని ఫోను చేయించారా అని రెండుసార్లు అడిగాడు. చేయించామన్నారు.

భద్రాచలం పోయే బస్సు వచ్చింది. మలుపు తిరగ్గానే డ్రైవరుకు బెంచీ, జనం కనబడ్డారు, గీత దగ్గర ఆపాడు. మోతీ దిగింది. ఈసారి భార్గవి దాని చెయ్యి పట్టుకొని గుండ్రం లోపలికి తీసుకొచ్చింది. మేం అక్కడ నిలబడి ఉన్నాం. ఉత్తుత్తిగా చేద్దామనుకున్నాను నేను. కానీ అది నా మెడ మీద తల పెట్టి, కోడలి సంగతి కాదు, వాళ్ళన్న పేరెత్తింది. జైరాం ఉంటే ఈ మలుపులో తనకోసం నిలబడేవాడని పాడింది. ఇక ఉత్తుత్తి ఎక్కడిది. చింతచెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి.

నేను కళ్ళు తెరిచేసరికి బస్సు వెళ్ళిపోయింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు, వెనక లారీలు పక్కనుంచి పోయాయి. మమ్మల్ని ఎవరూ జరగమనలేదు. నా జన్మలో బస్సు దిగినవాళ్ళను తారు మీద నిలబడకుండా కలుసుకున్నది అదే మొదటిసారి.

ఇంజినీరు ఆ గుండ్రం చుట్టూ నడిచాడు. ఇక్కడ మట్టి ఎత్తు చేయాలి, వానకు బురదవుతుంది అన్నాడు. చెట్టు వేళ్ళు కొట్టకూడదు అన్నాడు. భార్గవి ప్రతిదానికీ సరే అంటుంటే, ఆయన వద్దనడం మానేశాడని నాకు మెల్లగా తెలిసింది. చివరికి జీపెక్కుతూ, ఒక నెల ఇలాగే ఉంచమని, ఈలోపు మిగతా స్టాపులు గీసుకొని ఆఫీసుకు రమ్మని చెప్పాడు. దిగేవాళ్ళకు కూడా చోటు ఉండాలని తనే అన్నాడు. స్తుతి రోడ్డు మీదే భార్గవిని వాటేసుకుంది. మా ఆడవాళ్ళు ఇప్పుడు వీళ్ళు కూడా ఏడుస్తారేమోనని చూశారు. ఏడవలేదు.

ఆ సాయంత్రం నేను బ్యాగులోంచి మూడు జతలు తీసేశాను.

అయినా భయం పోలేదు. శుక్రవారం భార్గవి బస్సెక్కింది. మధ్యాహ్నం చేరానని ఫోను చేసింది. తర్వాత ఫోను లేదు. పెద్ద ఆఫీసు, పెద్ద మనుషులు, మంచి మాటలు చెప్పి కూర్చోబెడతారు. పిల్ల మెత్తనిది. కోటేష్ చేత చేయిస్తే ఫోను ఆఫ్ అని వచ్చింది. ఆ రోజంతా నేను పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చున్నాను. శనివారం మధ్యాహ్నం నుంచి స్టాపులోనే ఉన్నాను. మోతీ కాళ్ళు చాపుకొని నా పక్కన కూర్చుంది. ఆ పిల్ల రాకపోతే నిన్ను మోసుకుపోయే ఓపిక నాకు లేదు వదినా అని ఎగతాళి చేసింది. ఒక బస్సు వచ్చి పోయింది. ఇంకొకటి వచ్చి పోయింది. బోర్డులు చదువుతూనే ఉన్నాను.

పొద్దు వాలేవేళకు వచ్చిన బస్సులోంచి భార్గవి దిగింది. ఫోను చార్జరు కూడా ల్యాప్‌టాప్‌తో పాటు అప్పగించేసిందట, అందుకే ఫోను చచ్చిపోయిందట. ఒక్కరోజే ఎడం కాబట్టి ఏడవక్కరలేదని మోతీ అన్నది. అయినా నేను ఏడ్చాను. అయితే చిన్నదే.

ఇంటికి నడుస్తుంటే ఆఫీసులో ఏమన్నారని అడిగాను. ఏడాదిదాకా నీ చోటు ఉంచుతాం, ఎప్పుడైనా రావచ్చన్నారట. మరి నువ్వేమన్నావని అడిగేటప్పుడు నా కాళ్ళు కొంచెం ఆగాయి.

"ఇంకెవరికన్న ఇయ్యమన్న దాదీ. ఆశపెట్టుకొని ఎదురుచూసుడు మంచిది గాదు గద, వాళ్ళకైనా."

సోమవారం తను ఖమ్మం ఆఫీసుకు పోయింది, సాయంత్రానికి వచ్చింది. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు పోతుంది, వస్తుంది. నేను గడప దాకే వెళ్తున్నాను, స్టాపు దాకా పోవడం లేదు. పుష్ప దెప్పడం తగ్గించింది.

హైదరాబాదు ఆఫీసు నుంచి 2025 జూలై 18, శుక్రవారం సాయంత్రం బయటికి వచ్చిన భార్గవి మళ్ళీ అక్కడికి తిరిగి వెళ్ళలేదు.